ఏడాది లోపు బిడ్డకు కుడి, ఎడమ చేతివాటం ఉండదు

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో నాలుగు ఒకే జబ్బు గురించి, పసిబిడ్డ మెదడుకు వచ్చే స్ట్రోక్ (పక్షవాతం) గురించి ఉన్నాయి. నాలుగూ మన సీమ నుంచే. వాటికే స్థలమంతా ఇచ్చాను. మిగతా వాళ్లకు వచ్చే సంచికలో జవాబులు రాస్తాను.

ప్రశ్న: డాక్టరమ్మ గారికి నమస్కారం. మాది ఆదోని దగ్గర పల్లె. తొలి కాన్పు, నెలలు నిండాకే అయింది. బాబు పుట్టగానే బాగా ఏడ్చాడు, పాలు కూడా తాగాడు. రెండో రోజు సాయంత్రం కుడి చెయ్యి ఒకటే టకటకా కొట్టుకోవడం మొదలైంది. చలికి వణుకుతున్నాడనుకుని మా అత్త దుప్పటి కప్పింది. తెల్లారి కర్నూలుకు తీసుకుపోతే ఎంఆర్ఐ తీసి, మెదడులో ఎడమవైపు స్ట్రోక్ వచ్చిందన్నారు. ముసలివాళ్లకు వచ్చేది పుట్టిన బిడ్డకు ఎట్లా వస్తుంది? గ్రహణం రోజు నేను కూరగాయలు తరిగానని ఇంట్లో అందరూ నన్నే అంటున్నారు. ఇప్పుడు బాబుకు మూడో నెల. నడుస్తాడా, మాట్లాడతాడా? ఇంకో బిడ్డను కనొచ్చా?
– ఒక తల్లి, ఆదోని

జవాబు: అమ్మా, ముందు ఆ గ్రహణం మాట తీసి పక్కన పెట్టండి. కూరగాయలు తరిగితే కడుపులో బిడ్డ మెదడుకు పోయే రక్తనాళం మూసుకుపోదు. మీరు తిన్న తిండి వల్లో, చేసిన ఇంటిపని వల్లో, పడుకున్న తీరు వల్లో ఇది రాలేదు. ఈ నాలుగు మాటలూ మీ ఇంట్లో వాళ్లకు గట్టిగా చదివి వినిపించండి. ఇలాంటి పిల్లల తల్లుల మీద కెనడాలో పరిశోధన చేసినవాళ్లకు కూడా ఈ అపరాధ భావం కనబడింది. అక్కడ గ్రహణం పట్టింపులు లేవు, అయినా తల్లులు తమనే తప్పు పట్టుకుంటున్నారు. ఆ బాధ లోపలే పెట్టుకుంటే తల్లికి నిద్ర పట్టదు, తిండి సయించదు, బిడ్డ పని కూడా భారమవుతుంది. మీకు అలా అనిపిస్తుంటే అది కూడా డాక్టరుకు చెప్పాల్సిన విషయమే.

ఇక ఎట్లా వస్తుందంటే, పెద్దవాళ్లకు వచ్చే పక్షవాతంలో జరిగేదే ఇక్కడా జరుగుతుంది, ఒక చిన్న రక్తపు గడ్డ మెదడులోని ధమనిని మూసేస్తుంది. కానీ కారణాలు వేరు. పెద్దవాళ్లలో బీపీ, షుగరు, సిగరెట్. బిడ్డలో అవేవీ లేవు. కడుపులో ఉన్నన్నాళ్లూ బిడ్డ ఊపిరి తీసుకోడు కాబట్టి, గుండె కుడివైపు రక్తం ఒక చిన్న రంధ్రం గుండా నేరుగా ఎడమవైపుకు దాటుతుంది. మాయలో ఏర్పడిన గడ్డ ఒకటి కాన్పు వేళ కదిలిందనుకోండి, ఊపిరితిత్తుల్లో ఆగిపోవాల్సింది ఆగకుండా ఆ రంధ్రం దాటి మెదడుకు చేరుతుంది. డాక్టర్లు ఎక్కువగా చెప్పే వివరణ ఇదే. దానికి తోడు, కాన్పులో తల్లికి రక్తం మరీ పోకుండా ఉండాలని ఆ రోజుల్లో రక్తం తొందరగా గడ్డకట్టే గుణం సహజంగానే పెరుగుతుంది. తొలి కాన్పు, ఉమ్మనీరు ముందే పోయి చాలాసేపు గడవడం, ఇన్ఫెక్షన్, తల్లికి గర్భంలో బీపీ పెరగడం, బిడ్డకు పుట్టుకతో గుండె లోపం ఉండటం, ఇవన్నీ ముప్పును కొంత పెంచుతాయని అధ్యయనాల్లో తేలింది. మగపిల్లల్లో కాస్త ఎక్కువ. మెదడు ఎడమవైపు ఎక్కువ. ఇన్ని చెప్పినా, చాలామంది బిడ్డల్లో ఇదీ కారణమని వేలు పెట్టి చూపించలేం.

మీ బాబుకు వచ్చిన లక్షణం అచ్చంగా ఈ జబ్బుకు సరిపోయేదే. పుట్టినప్పుడు బాగానే ఉంటారు. ఒకటి, రెండు, మూడు రోజుల్లో ఒక చెయ్యో ఒక కాలో లయగా కొట్టుకుంటుంది. వణుకుకూ ఫిట్స్‌కూ తేడా ఇంట్లో కూడా తెలుసుకోవచ్చు. ఆ చేతిని మెత్తగా పట్టుకుంటే వణుకు ఆగుతుంది, ఫిట్స్ ఆగదు. మీ అత్తగారిని తప్పుపట్టడానికి ఇది చెప్పడం లేదు, ఆమెకు ఎవరూ చెప్పలేదు కాబట్టి చెబుతున్నాను. చదివేవాళ్ల ఇళ్లల్లో బాలింతలు ఉంటే ఇది గుర్తుంచుకోండి. పక్షి దోషమని, బాలగ్రహమని తాయెత్తు కట్టించడానికి పోయి ఒక రోజు పోగొట్టుకోవద్దు, వాతలు పెట్టించడం అసలే వద్దు. నేరుగా పసిపిల్లల ప్రత్యేక విభాగం ఉన్న ఆసుపత్రికి తీసుకుపోండి.

నడుస్తాడా? ఒకవైపు మాత్రమే స్ట్రోక్ వచ్చిన పిల్లల్లో చాలామంది నడుస్తారు, ఎక్కువ మంది రెండేళ్లలోపే. ఆ మాట ధైర్యంగా రాయగలను. అయితే కొందరికి ఒకవైపు చెయ్యీ కాలూ బిగుసుగా, బలహీనంగా మిగులుతాయి. స్విట్జర్లాండ్‌లో 2000 నుంచి 2010 మధ్య పుట్టి, ఈ జబ్బు వచ్చిన 100 మంది పిల్లల్ని రెండేళ్ల వయసులో చూస్తే 39 శాతం మందికి సెరిబ్రల్ పాల్సీ, అంటే కదలికల లోపం ఉంది. 31 శాతం మంది బుద్ధి ఎదుగుదలలో వెనకబడ్డారు. ఈ అంకెలు చూసి భయపడకండి. మిగతా అరవై ఒక్క శాతం మందికి ఆ కదలికల లోపం లేదు కదా. మీ బాబు ఎటువైపు అన్నది కొంతవరకు ఎంఆర్ఐలోనే తెలుస్తుంది. కదలికల ఆదేశాలు మెదడు నుంచి వెన్నుపాములోకి దిగే దారి ఒకటుంటుంది, దెబ్బ ఆ దారి మీద పడిందా లేదా అన్నదే ముఖ్యం. మీ డాక్టరును ఈ ఒక్క ప్రశ్న సూటిగా అడగండి. మూడు నెలల వయసులో బిడ్డ వెల్లకిలా పడుకుని చేతులు కాళ్లు ఆడించే తీరును బట్టి కూడా శిక్షణ పొందినవాళ్లు చాలా చెప్పగలరు. మీ బాబుకు ఇప్పుడు సరిగ్గా ఆ వయసే, ఈ నెల దాటనివ్వకండి.

మాటల విషయంలో మనసు కుదుటపడే సంగతి ఒకటుంది. మాటలు సాధారణంగా మెదడు ఎడమ భాగం పని. అమెరికాలోని జార్జ్‌టౌన్ విశ్వవిద్యాలయంలో ఎలిస్సా న్యూపోర్ట్ బృందం, పుట్టిన రోజుల్లోనే ఎడమవైపు పెద్ద స్ట్రోక్ వచ్చి ఇప్పుడు పెద్దపిల్లలైనవాళ్లను, యువకులను 15 మందిని పరీక్షించి 2022లో ఫలితాలు ప్రచురించింది. వాళ్లలో భాష పని కుడివైపుకు మారిపోయింది, అదీ ఎడమవైపు ఉండాల్సిన చోటికి అద్దంలో బొమ్మలా సరిగ్గా ఎదురుగా. మాటలు అర్థం చేసుకోవడంలో వాళ్లు తమ తోబుట్టువులకు దీటుగా ఉన్నారు. అరవై ఏళ్ల మనిషికి అదే చోట అంత దెబ్బ తగిలితే నోట మాట రాదు. పసి మెదడుకు ఆ వెసులుబాటు ఉంది. అందుకే బాబుతో ఇప్పటినుంచే బాగా మాట్లాడండి, పాటలు పాడండి.

ఒక్క విషయంలో మాత్రం కళ్లు తెరుచుకుని ఉండాలి. మూడు నెలల నుంచి ఏడాది లోపు, నిద్ర లేవగానే తల ముందుకు వాల్చి చేతులు ఒక్కసారి చాచడం, కొన్ని సెకన్లకు మళ్లీ, మళ్లీ, అలా వరసగా చేస్తే దాన్ని ఉలికిపాటు అనో కడుపునొప్పి అనో వదిలేయొద్దు. అది ఒక రకం మూర్ఛ, ఎదుగుదలను వెనక్కి లాగేస్తుంది. ఫోన్‌లో వీడియో తీసి అదే రోజు డాక్టరుకు చూపించండి. ఫిట్స్ మందు వాడుతుంటే మీ అంతట మీరు ఆపొద్దు. అలాగని ఏళ్ల తరబడి వాడాల్సిందే అని కూడా లేదు, ఎప్పుడు ఆపాలో అడగండి.

ఇంకో బిడ్డను నిశ్చింతగా కనొచ్చు. బాబుకు మళ్లీ స్ట్రోక్ వచ్చే అవకాశం నూటికి ఒకటి అటూ ఇటూ, గుండె జబ్బులాంటిది ఉంటే తప్ప. తర్వాతి కాన్పులో ఇంకో బిడ్డకు రావడం చాలా చాలా అరుదు. గర్భం రాగానే ఈ సంగతి డాక్టరుకు చెప్పండి, అంతే.

ప్రశ్న: అమ్మా, నేను మా మనవడి జేజిని. వాడికి ఏడో నెల. ఏది ఇచ్చినా ఎడమ చేత్తోనే అందుకుంటాడు. కుడి చెయ్యి పిడికిలి బిగించి పక్కన పెట్టుకుంటాడు. వాళ్ల తాతది కూడా ఎడమచేతి వాటమే, వాడికీ అదే వచ్చిందని మేమంతా సంతోషపడితే మా చిన్న కోడలు మిమ్మల్ని అడగమని పోరుతోంది. పుట్టినప్పుడు ఏ జబ్బూ లేదు, ఫిట్స్ రాలేదు.
– ప్రొద్దుటూరు, కడప జిల్లా

జవాబు: అవ్వా, మీ చిన్న కోడలికి నా నమస్కారం చెప్పండి. ఆమె అనుమానం సరైనదే.

ఏడాది లోపు బిడ్డకు చేతివాటం అన్నది ఉండదు. గిలక ఎటువైపు ఉంటే అటు చేత్తో అందుకుంటారు. వాటం తర్వాతి ఏళ్లలో నెమ్మదిగా స్థిరపడుతుంది. ఏడో నెలలోనే ఒక చెయ్యి మాత్రమే వాడుతున్నాడంటే ఆ చెయ్యి చురుకని కాదు అర్థం, రెండోది పని చేయడం లేదని. మీరు రాసిన పిడికిలి మాట చదివితే నాకు ఆ ఆలోచనే వచ్చింది. కడుపులో ఉన్నప్పుడో, కాన్పు వేళో స్ట్రోక్ వచ్చి, ఫిట్స్ రాకుండా, ఎవరికీ తెలియకుండా గడిచిపోయిన పిల్లలు చాలామందే ఉంటారు. వాళ్లు ఐదారు నెలలు వచ్చి వస్తువులు అందుకోవడం మొదలుపెట్టాకే బయటపడతారు. ఉత్తరం చూసి జబ్బు తేల్చలేను, భుజం నరం దెబ్బతిన్నా ఇలాగే కనబడవచ్చు. కాబట్టి ఈ వారంలోనే పిల్లల డాక్టరుకు చూపించండి. జిల్లా పెద్దాసుపత్రికి అనుబంధంగా డీఈఐసీ అని పిలిచే కేంద్రం ఉంటుంది, 2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం కింద ఎదుగుదల లోపాలున్న పిల్లల కోసం పెట్టినది. పరీక్షలు, ఫిజియోథెరపీ అక్కడ ఉచితం. మీ ఆశా కార్యకర్తను అడిగితే చీటీ రాయించి పంపుతుంది.

ఇప్పుడే ఎందుకు తొందర అంటే, మెదడు ఈ నెలల్లోనే ఏ దారి ఉంచుకోవాలో, ఏది వదిలేయాలో తేల్చుకుంటుంది. వాడని చెయ్యిని మెదడు కూడా మరిచిపోతుంది. స్వీడన్‌లో ఎలియాసన్ అనే పరిశోధకురాలి బృందం ఇలాంటి పసిపిల్లల బాగున్న చేతికి మెత్తటి తొడుగు వేసి, రోజుకు అరగంట, వారానికి ఆరు రోజులు, బలహీనంగా ఉన్న చేత్తో ఆడించే పద్ధతిని రూపొందించింది. ఇంట్లో తల్లే చేస్తుంది, థెరపిస్టు వారం వారం చూసి చెబుతారు. అవ్వా, ఇది చదివి ఎడమ చేతిని రోజంతా కట్టేయకండి. అలా చేస్తే బిడ్డ విసిగిపోయి ఏడుస్తాడు తప్ప మేలు జరగదు. నేర్పించుకున్నాకే చేయాలి. ఈలోపు గిలకను కుడివైపు నుంచి అందించండి, కుడి అరచేతిని నిమరండి, పాలు తాగేటప్పుడు రెండు చేతులూ తాకేలా పట్టించండి. వాడికి మీ ఒడిలో కూర్చుని ఆడే ఆటలే మంచి వ్యాయామం.

ప్రశ్న: మేడం, నేను అనంతపురంలో నర్సింగ్ చదువుతున్నాను. పసిపిల్లల స్ట్రోక్ ఎంతమందికి వస్తుందో వెతికితే ఒకచోట 1,100 మందికి ఒకరని, ఒకచోట 4,000 మందికని, ఇంకోచోట 7,700 మందికని ఉంది. ఏది నమ్మాలి? మన దగ్గర ఎంత?
– ఒక విద్యార్థిని

జవాబు: అన్నీ నమ్మొచ్చు. శెనక్కాయలు జల్లెడ పట్టేటప్పుడు జల్లెడ కన్ను ఎంతో చెప్పకుండా కింద రాలినవి లెక్కపెడితే ఎట్లా ఉంటుందో ఇదీ అంతే. స్విస్ లెక్కలో లక్ష జననాలకు 13 మంది, అంటే సుమారు 7,700కు ఒకరు. వాళ్లు లెక్కలోకి తీసుకున్నది పుట్టిన 28 రోజుల్లోపు లక్షణాలతో బయటపడిన, ధమని మూసుకుపోయిన పిల్లల్ని మాత్రమే. 4,000కు ఒకరు అన్నది అమెరికాలో ఆసుపత్రి డిశ్చార్జి రికార్డుల నుంచి వచ్చిన పాత అంకె. కెనడాలోని అల్బెర్టా రాష్ట్రంలో అన్ని రకాలూ కలిపారు, ధమనివి, సిరలవి, రక్తస్రావం అయినవి, ఇందాక ప్రొద్దుటూరు అవ్వ రాసినట్టు నెలల తర్వాత బయటపడినవి కూడా. 2020లో ప్రచురించిన ఆ లెక్కలో 1,100కు ఒకరు తేలారు. అందులోనే నవజాత శిశువుల ధమని స్ట్రోక్ ఒక్కదాన్నే లెక్కిస్తే 3,000కు ఒకరు. లెక్క కోసం ఏటా 20 వేల కాన్పులు జరిగే ప్రాంతం అనుకుంటే, అల్బెర్టా జల్లెడతో సుమారు 18 మంది, స్విస్ జల్లెడతో ఇద్దరో ముగ్గురో. చూశావా ఎంత తేడా!

మన దగ్గర ఎంత అన్నది చెప్పాలంటే ముందు బిడ్డను చూసినవాళ్లు ఆ పేరు రాయాలి కదమ్మా. ఫిట్స్ వచ్చిన పసిపాపకు చక్కెర తగ్గిందా, కాల్షియం తగ్గిందా, మెదడువాపా, పుట్టగానే ఆక్సిజన్ అందలేదా అని చూస్తాం, చూడాలి కూడా. అవి ఎక్కువ కాబట్టి అక్కడే ఆగిపోతాం. మామూలు అల్ట్రాసౌండులో స్ట్రోక్ తేలిగ్గా తప్పిపోతుంది. మొదటి వారంలో తీసే డిఫ్యూజన్ ఎంఆర్ఐలో స్పష్టంగా కనబడుతుంది. ఆ స్కాను అందని బిడ్డ కాగితంలో "ఫిట్స్" అనే ఉంటుంది, స్ట్రోక్ అని ఉండదు. ఏ లెక్కలోకీ రాడు.

తర్వాత ఏమయ్యారన్నది తెలుసుకోవడం ఇంకా కష్టం. ఏ వయసులో చూశారన్న దాన్ని బట్టి జవాబు మారుతుంది. టొరంటోలో ఒకవైపు స్ట్రోక్ వచ్చిన 26 మంది పిల్లల్ని బడికి ముందొకసారి, బడి వయసులో ఒకసారి పరీక్షించి 2009లో ఫలితాలు రాశారు. చిన్నప్పుడు తోటివాళ్లతో సమానంగా ఉన్న పిల్లలే బడికి వచ్చాక కొన్ని విషయాల్లో వెనకబడ్డారు. విన్నది కాసేపు మనసులో నిలుపుకోవడం, చప్పున పని ముగించడం లాంటివి. తెలివి తగ్గిందని కాదు, బడి అడిగే పని పెరిగింది. రెండేళ్లకే "అంతా బాగుంది" అని ఫైలు మూసేస్తే ఇది ఎవరికీ తెలియదు.

మన సీమలో ఇంకో కష్టం ఉంది. కోసిగి, మంత్రాలయం వైపు కుటుంబాలు సుగ్గికి, అంటే కోతల వలసకు, గుంటూరు మిరప తోటలకు పోతాయి, ఇటు నుంచి బెంగళూరు కట్టడం పనులకు పోతారు. ఆరో నెలలో రమ్మన్న బిడ్డ ఆరో నెలలో ఎక్కడ ఉంటాడో తల్లికే తెలియదు. వాళ్లను నిర్లక్ష్యపు మనుషులని కేస్‌షీటులో రాస్తుంటే నాకు చాలా కష్టంగా ఉంటుంది. నువ్వు రేపు వార్డులో పనిచేసేటప్పుడు రెండు పనులు చెయ్యి. ఫిట్స్ ఏ రోజు, ఏ గంటకు, ఏ చెయ్యి కొట్టుకుందో వివరంగా రాయి. డిశ్చార్జి రోజు తల్లి నంబరుతో పాటు ఊళ్లో ఉండే ఒకరి నంబరు, ఆశా కార్యకర్త నంబరు తీసుకో. పుట్టాక 42 రోజుల లోపు ఆశా ఆ ఇంటికి ఎలాగూ వెళ్తుంది, మూడో నెల నుంచి పదిహేనో నెల దాకా మూడు నెలలకోసారి వెళ్లే ఏర్పాటు కూడా ఉంది. "రెండు చేతులూ సమానంగా ఆడిస్తున్నాడా?" అనే ఒక్క ప్రశ్న ఆశా రాసుకునే పుస్తకంలో చేరితే చాలామంది పిల్లలు నెలల ముందే దొరుకుతారని నా నమ్మకం.

ప్రశ్న: మేడం, మా పాపకు ఎనిమిదేళ్లు. పుట్టినప్పుడు స్ట్రోక్ అన్నారు. నడుస్తుంది, పరుగెత్తుతుంది, కానీ ఎడమ చెయ్యి మోచేతి దగ్గర ముడుచుకునే ఉంటుంది. లెక్కల్లో వెనకబడిందని, ధ్యాస లేదని టీచరు అంటున్నారు. ఒక పెద్ద ఊళ్లో స్టెమ్ సెల్ ఇంజెక్షన్లు వేస్తామని, ఐదు లక్షలవుతుందని చెప్పారు. ఉన్న రెండెకరాలు అమ్ముదామనుకుంటున్నాను.
– ఒక తండ్రి, గుంతకల్లు

జవాబు: అమ్మొద్దండి. నెదర్లాండ్స్‌లో స్ట్రోక్ వచ్చిన నవజాత శిశువులకు పుట్టిన వారంలోపు ముక్కు ద్వారా స్టెమ్ సెల్స్ (మూలకణాలు) ఇచ్చి చూశారు. పదిమంది పిల్లలు, 2022లో ఫలితాలు వచ్చాయి. అది ప్రమాదం లేదని తేల్చుకునే తొలి అడుగు మాత్రమే, జబ్బు నయమైందని వాళ్లే చెప్పలేదు. ఎనిమిదేళ్ల పాపకు డబ్బు తీసుకుని వేసే ఇంజెక్షనుకు ఆ పరిశోధనతో సంబంధం లేదు. మన దేశ నియమాల ప్రకారం కూడా ఇలాంటి జబ్బుకు స్టెమ్ సెల్స్ అనుమతి పొందిన పరిశోధనలో భాగంగానే ఇవ్వాలి, పరిశోధనలో చేరినందుకు మీ దగ్గర డబ్బు తీసుకోకూడదు. ఎవరు అడిగినా లేచి వచ్చేయండి.

పాప ధ్యాస సంగతి పైన నర్సింగ్ చదివే అమ్మాయికి రాసినదే. పాపది మొండితనం కాదు, బద్ధకం కాదు. టీచరుతో కూర్చుని మాట్లాడండి. ముందు బెంచీలో కూర్చోబెట్టమనండి, ఒకేసారి నాలుగు పనులు చెప్పకుండా ఒక్కొక్కటిగా చెప్పమనండి, పరీక్షలో కొంచెం ఎక్కువ సమయం ఇవ్వమనండి. తరగతిలో కొన్ని క్షణాలు కళ్లు నిలబెట్టి చూస్తూ ఉండిపోతోందా అని కూడా అడగండి. అలా ఉంటే అది మూర్ఛ కావచ్చు, ఈఈజీ (మెదడు తరంగాల పరీక్ష) తీయించాలి. కంటి పరీక్షలో ఎడమవైపు చూపు ఎంతవరకు ఉందో చూడమనండి, పుస్తకంలో ఎడమవైపు అంకెలు వదిలేసే పిల్లలు ఉంటారు, దాన్నే లెక్కలు రావడం లేదనుకుంటాం.

సదరం శిబిరానికి స్లాటు తీసుకుని వైకల్య ధ్రువపత్రం చేయించండి. 2016 వికలాంగుల హక్కుల చట్టంలో సెరిబ్రల్ పాల్సీ ఉంది. 40 శాతం, ఆపైన తేలితే 18 ఏళ్ల దాకా ఉచిత చదువు పాప హక్కు. నేషనల్ ట్రస్టు వారి నిరామయ బీమా కూడా ఉంది, లక్ష రూపాయల వరకు, థెరపీ ఖర్చు కూడా అందులో వస్తుంది. ధ్రువపత్రం తీసుకుంటే పాపకు పెళ్లి కాదని చుట్టాలు భయపెడతారు, నాకు తెలుసు. అయినా తీసుకోండి.

చేతికి ఎనిమిదేళ్లకు కూడా థెరపీ పనిచేస్తుంది. బిగుసు ఎక్కువైతే కండరాన్ని వదులు చేసే బొటాక్స్ ఇంజెక్షను, రాత్రిపూట చేతికి కట్టే స్ప్లింట్ అవసరమా అని డాక్టరును అడగండి. ఇంట్లో మాత్రం రెండు చేతులూ కావాల్సిన పనులు పాపకే అప్పజెప్పండి, శెనక్కాయలు ఒలవడం, చపాతీ ఒత్తడం, బిందె మూత పట్టుకుని తీయడం, రిబ్బను కట్టుకోవడం. ఆలస్యమవుతుంది, మీరు పక్కన కూర్చోండి, చేసి పెట్టకండి. మూడు నెలలయ్యాక నాకు మళ్లీ ఉత్తరం రాయండి, ఏ పని కొత్తగా వచ్చిందో పాప చేతే రాయించండి.